కంది సాలు

కడప,
మార్చి 4

చి. సౌ. శివలీలకు,

ఆశీర్వాదాలు ఎప్పుడూ ఉన్నవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మొన్న మంగళవారం కర్నూలు ఆసుపత్రి బెంచీ మీద నాకోసం చోటు పట్టిపెట్టి ఉంటావు. ఇక ఆ బెంచీకి నేను రాను. ముసలిదాన్ని మూడు నెలలకొకసారి అంతదూరం మోసుకుపోవడం ఎందుకని మా శ్రీనివాసులు నా వైద్యాన్ని కడపకే మార్పించాడు. పన్నెండేళ్ళ కిందట, కడపలో అయితే ఎవరైనా చూస్తారని నన్ను కర్నూలుకు తీసుకుపోయిన కొడుకూ వాడే. చూసేవాళ్ళంతా ఈపాటికి పోయి ఉంటారని ధైర్యం కాబోలు.

ఐదేళ్ళు ఆ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే లిథియం మాత్ర, రక్తం తీసేదీ ఒకటే అమ్మాయి. ఒకసారి మిద్దెక్కించి, ఒకసారి బావిలో దించే జబ్బు. ఇప్పుడు మనకు ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. డాక్టర్లు దీన్ని నిలకడ అంటారు. అది వచ్చాక బతుకు ఎలా ఉంటుందో మాత్రం వాళ్ళు చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఫోను చేయొచ్చు కదా అనకు. నీకు ఫోను లేదు. జబ్బులో ఉన్నప్పుడు తాలూకాలోని నంబర్లన్నిటికీ చేశావని మీ బసవరాజు దాన్ని తన జేబులో పెట్టుకుని ఆరేళ్ళయింది. నాకు ఉంది గానీ, నేను మాట్లాడుతుంటే మా కోడలు నాగలత పక్కన నిలబడి నా మాటల వేగం కొలుస్తుంది. మొన్న టీవీలో ఒకావిడ ఉప్పు వేయడం మరిచిపోయిన పులుసును రుచి చూసి ఆహా అంటుంటే నవ్వాను. నాగలత వంటింట్లోంచి వచ్చి, "ఏమత్తా, ఈ పొద్దు శానా ఉషారుగా ఉండావు, నిద్ర పట్టిందా?" అని మాత్రల డబ్బా మూత తీసి చూసింది. నాకు కోపం వచ్చింది. వచ్చిందని చెబితే డాక్టరుకు ఫోను పోతుంది. అందుకని పోయి కొత్తిమీర ఏరుకుంటూ కూర్చున్నాను.

కిందటి వారం ఇక్కడి ఆసుపత్రిలో ఒక చదువుకునే డాక్టరమ్మ, జబ్బు తగ్గినవాళ్ళు ఎలా బతుకుతున్నారో రాసుకుంటున్నానని కాగితాల కట్ట ఇచ్చింది. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలట. తిండికి నాలుగు వేశాను. నిద్రకూ నాలుగే. 'మీ ఇంట్లోవాళ్ళు మీమీద నమ్మకంతో ఏదైనా అప్పగిస్తారా?' అన్నచోట కలం ఆగింది. నాకు అప్పగించింది పూజగది దీపం. అది వెలిగించాక కూడా ఎవరో ఒకరు వచ్చి తొంగిచూస్తారు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. పరీక్షలో ఖాళీ వదలొద్దు, ఏదో ఒకటి రాయండర్రా అని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని.

నువ్వైతే ఎంత వేస్తావు? జాబు రాయి. అక్షరాలు వంకరపోతే పరవాలేదు. నావీ ఎలా వణుకుతున్నాయో చూస్తూనే ఉన్నావు, మాత్ర చలవ.

వెంకటేశ్వరమ్మ

*

మల్లనహట్టి, పత్తికొండ తాలూకా,
మార్చి 19

టీచరమ్మ గారికి శివలీల నమస్కారాలు.

మీ జాబు తెచ్చి పోస్టు బొజ్జన్న వాకిట్లో నా పేరు చదివితే, మా అత్త గిడ్డమ్మ, "దానికెవురు రాస్తారప్పా, సరిగ్గా చూడు" అంది. మా ఇంటికి జాబులు బ్యాంకు నుంచే వస్తాయి.

బెంచీ మీద మీ చోట్లో నా సంచి పెట్టుకున్నాను. ఎవరన్నా అడిగితే మనిషి వస్తుంది అన్నాను. పన్నెండు దాకా అట్లే అంటూ కూర్చున్నాను.

ఆ గడికి నేనైతే ఒకటి వేస్తాను. సున్నా ఉంటే సున్నానే. కారణం రాస్తాను, మీకు సగమే తెలుసు.

మా చేలో శనక్కాయ విత్తనం నా చేత్తో పడేది. ట్రాక్టరు వచ్చినా మొదటి నాలుగు సాళ్ళు మేము ఎద్దుల గొర్రుతోనే వేస్తాం. ఇంటి కోడలు ఒడినిండా విత్తనం పోసుకుని గొర్రు వెనక నడుస్తూ, దానిమీదుండే కొయ్యగిన్నెలో గింజ వెనక గింజ వదలాలి. నడక ఆగకూడదు, రెండు గింజలు ఒక్కచోట పడకూడదు. పెళ్ళయి వచ్చిన ఏడు మా అత్త నా చెయ్యి చూసి, "దీని చేతికింద గింజకూ గింజకూ జానెడు తప్పదు" అని ఊరంతా చెప్పుకుంది. ఆ మనిషి నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆరేళ్ళ కింద జబ్బు ఎక్కినప్పుడు, ఉగాది ఎండల్లో, చుక్క వాన లేని నేలలో మూడు మూటల విత్తనం ఒక్కదాన్నే వేసేశాను. వాన నన్ను అడిగి వస్తుందనుకున్నాను. విత్తనమంతా గువ్వలూ ఉడతలూ తిన్నాయి. ఆ ఏడు మా చేను బీడు. అప్పటి నుంచి విత్తనం గదికి తాళం, తాళంచెవి మా అత్త నడుముకు. పక్కింటి మద్దమ్మను పిలిచి వేయిస్తారు. నేను ఇంట్లో సంగటి కెలుకుతాను. చెడ్డగా చూడరు టీచరమ్మా, కసురుకోరు కూడా. ఏమన్నా కావాలంటే అడగమంటారు. అడిగితే ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు.

మొన్న మా ఆయనను అడిగాను, ఈ ఏడు మొదటి సాళ్ళు నేను వేస్తానని. "నీ చెయ్యి వణుకుతాంది కదే" అన్నాడు. నిజమే, గంటె పట్టుకుంటే చారు ఒలుకుతుంది. వణుకు తగ్గితే ఇస్తావా అన్నాను. "చూద్దాం" అన్నాడు. ఆరేళ్ళలో వద్దు అనకపోవడం ఇదే మొదటిసారి.

శివలీల

*

కడప,
ఏప్రిల్ 18

శివలీలా,

నీ జాబు రెండుసార్లు చదివాను, ఒకసారి విషయానికీ ఒకసారి తప్పులకూ. తొమ్మిది ఉన్నాయి. పదో తరగతితో ఆపిన మనిషికి ఎక్కువేమీ కావు.

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి అందరం పోయివచ్చాం. జనం బాగా వచ్చారు. వెన్నెల బాగుంది. పానకంలో మిరియాలు ఎక్కువ. మా మనవరాలు శిల్ప పట్టుపావడా కట్టుకుంది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇక నీ సంగతి. బసవరాజు అన్న 'చూద్దాం' అనే మాట తక్కువదనుకోకు. మా ఇంట్లో నాతో ఆ మాట కూడా అనరు, 'నీకెందుకత్తా శ్రమ' అంటారు. ఆ చూడటమేదో చూపించు. మీ వాకిట్లో తాడు కట్టి, దానికి జానకొక గుర్తు చొప్పున ఇరవై ఐదు గుర్తులు పెట్టు. చింతగింజలు గుప్పిట పట్టుకుని, నడక ఆపకుండా, గుర్తుకొకటి వదులు. నాలుగుసార్లు నడిస్తే వంద గింజలు. గుర్తుకు బెత్తెడు లోపల పడినవే లెక్కలోకి వస్తాయి. నూటికి ఎన్నో నాకు రాయి. లెక్కల టీచరును, మార్కు లేనిదే నాకు ఏ సంగతీ బోధపడదు.

కోళ్ళను కట్టెయ్యి.

వెంకటేశ్వరమ్మ

*

మల్లనహట్టి,
మే 8

టీచరమ్మ గారికి,

మొదటిరోజు 41. మా అత్త అరుగు మీద కూర్చుని, "యాడ చూసినా గింజలే, కాలు జారి నేను పడితే ఎవురు లేపుతారు" అని గొణిగింది. వారానికి 52 అయింది, తరవాత 58. మొన్న మా ఆయన తాడు చివర గొంతుకూర్చుని తానే లెక్కపెట్టాడు. ఆయన చూస్తుంటే చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది. అయినా 60 వచ్చింది.

"వాన పడేలోగా ఎనభై తెస్తే మొదటి సాళ్ళు నీవే పో" అన్నాడు. మా అత్త నడుము దగ్గర తాళంచెవి ఉందో లేదో తడుముకుంది.

ఈ గింజలతో నాకు పొద్దు పోతోంది. మధ్యాహ్నం అందరూ చేలకు పోతే ఇంట్లో నేనూ గోడలూ. ఇంతకుముందు ఆ వేళ పడుకుని దూలాలు లెక్కపెట్టేదాన్ని. తొమ్మిదే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే. ఇప్పుడు తాడు దగ్గరికి పోతే పనికి పోయినట్టు ఉంటుంది.

ఒంటిమిట్ట గురించి ఇంకా రాయండి. బెంచీ మీద కోడలి చీర రంగు గురించే గంటసేపు చెప్పే మనిషి మీరు, దేవుడి పెండ్లిని నాలుగు ముక్కల్లో ముగించినారు.

శివలీల

*

కడప,
మే 20

శివలీలా,

అరవై అంటే పాసే. విత్తనానికి పాసు చాలదు. బసవరాజు ఎనభై అడిగాడు, నేనూ ఎనభై అడుగుతున్నాను. ఎందుకు రావడం లేదో కారణాలు రాయొద్దు. కారణాలు రాసే పిల్లలను చాలామందిని చూశాను, కారణాలు మాత్రం తప్పుల్లేకుండా రాసేవాళ్ళు. వాన ముందుగా వస్తుందని పేపర్లో వేశారు. నీకు మూడు వారాలు కూడా లేవు.

మా వాళ్ళంతా తిరుపతి పోయారు. నాకు తోడుగా నాగలత తన పిన్నిని పిలిపించి పెట్టింది. ఆవిడకు చెవుడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని సీరియళ్ళు చూస్తున్నాం, ఆవిడకు వినపడక, నాకు వినబుద్ధికాక. మూడు రోజులుగా నా గొంతు నేనే వినలేదు. నిన్న మధ్యాహ్నం పదిహేడో ఎక్కం పైకి చదివాను, గొంతు పనిచేస్తోందో లేదో చూద్దామని.

ఒంటిమిట్ట గురించి చెప్పవలసింది చెప్పాను.

వెంకటేశ్వరమ్మ

*

మల్లనహట్టి,
జూన్ 8

టీచరమ్మా, తొంభై ఏడు!

వందకు తొంభై ఏడు, నిన్న తొంభై ఆరు, ఈ పొద్దు తొంభై ఏడు, మా ఆయన నోరు తెరుచుకుని చూశాడు, మా అత్త లేచి నిలబడింది. గింజ నా వేళ్ళలోంచి పోతాంటే నాకు వినిపిస్తోంది టీచరమ్మా, ఒక్కొక్క గింజకు ఒక్కొక్క చప్పుడు, ఏ గింజ మొలుస్తుందో ఏది మొలవదో చేతికే తెలిసిపోతోంది. ఎట్లా వచ్చింది అని అడగొద్దండి, వచ్చింది. నా చేతిరాత చూడండి, పదో తరగతిలో ప్రైజు తెచ్చుకున్న చేతిరాత ఇదే, మీరు తప్పులు వెతుక్కోండి, ఒక్కటీ దొరకదు.

కోడి కూయకముందే లేచి ఇంటికి సున్నం కొట్టేశాను, మా ఇంటికే కాదు, మద్దమ్మ వాళ్ళ గోడకు కూడా, వద్దంటున్నా వినలేదు. నిద్ర దండగ అనిపిస్తోంది. నాలుగు సాళ్ళు కాదు, చేనంతా నేనే వేస్తాను, ట్రాక్టరు ఎందుకు, ఊర్లో అందరి చేలూ నా చేత్తోనే పడాలి అని మా ఆయనతో అంటే నవ్వాడు, ఆయన నవ్వి ఎన్నేళ్ళయిందో. కొత్త శనక్కాయలు కాసిన వెంటనే మూట నెత్తిన పెట్టుకుని కడపకు నడిచి వస్తాను, మీరు గేటు దగ్గర నిలబడండి, నాగలతమ్మను కొలుచుకోనీ ఎంత కొలుచుకుంటుందో.

ఇన్నేళ్ళు నేను ఎక్కడికి పోయానో తెలియదు గానీ ఇప్పుడు తిరిగి వచ్చాను. మూడు కాగితాలు అయిపోయాయి, ఇంకా చెప్పాల్సింది ఉంది.

మీ శివలీల, శివలీల, శివలీల

*

కడప,
జూన్ 12

శివలీలా,

తప్పులు దిద్దడం లేదు. అరవై నుంచి తొంభై ఏడుకు ఎగిరిన పిల్లలను బడిలో చాలామందిని చూశాను. అందరి విషయంలోనూ కారణం ఒక్కటే, కాపీ. నువ్వు ఎవరి చేతిని చూసి కాపీ కొట్టావో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందటి నీ చేతినే. మాత్ర ఆపేశావు.

మూడు కాగితాల్లో ఒక్క అక్షరం వణకలేదు. అంత చక్కటి చేతిరాతను చూసి, నీ మార్చి జాబు తీసి పక్కన పెట్టి చూశాను.

ఒంటిమిట్ట గురించి రెండుసార్లు అడిగావు. విను. ఈ ఏడు నేను పోలేదు. పదకొండేళ్ళుగా పోవడం లేదు. వాళ్ళు పోతారు, నేను టీవీలో చూస్తాను. పానకం మాత్రం నిజం, సీసాలో తెచ్చి ఇచ్చారు.

కంపాసు లేకుండా బోర్డు మీద ఒక్క ఊపులో వృత్తం గీసేదాన్ని. కొలిచి చూసుకోమని పిల్లలకు తాడు ఇచ్చేదాన్ని. మాత్ర మొదలుపెట్టాక నా వృత్తం వంకరపోయి ఉర్లగడ్డ అయింది. పిల్లలు నవ్వలేదు, అదే భరించలేకపోయాను. రిటైరవడానికి రెండు నెలలు ఉందనగా, చివరి వృత్తాలైనా గుండ్రంగా ఉండాలని మాత్ర ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. పన్నెండు రోజులు ఎంత బాగా గీశానో! పదమూడో రోజు ఒంటిమిట్ట కల్యాణం. నాలుగేళ్ళ శిల్పను నాకు అప్పగించి, మీరు ముందు పోండి, మేము సాయంత్రానికి వస్తామన్నారు. నేను ఆ పిల్లను ఒక పూలకొట్టు పక్కన నిలబెట్టి, రాముడు నన్ను పిలుస్తున్నాడని గుళ్ళోకి పోయి, గాజులు తీసి వచ్చినవాళ్ళకల్లా పంచిపెట్టాను. పిల్ల గుర్తుకే రాలేదు. మరిచిపోవడం వేరు, శివలీలా. నాకు ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు. నాలుగు గంటల తరవాత ఆ పూలమ్మే ఆమె, ఏడ్చి ఏడ్చి ఒళ్ళో నిద్రపోయిన పిల్లను తెచ్చి నాగలత చేతుల్లో పెట్టింది.

అప్పటినుంచి శిల్పను నాతో ఒంటరిగా వదలరు. వాళ్ళను ఏమనగలను? ఆ గడిని ఖాళీగా ఎందుకు వదిలానో ఇప్పుడు తెలిసింది కదా.

నీకు ఎనభై తెమ్మని రాసింది నేను. కారణాలు రాయొద్దన్నదీ నేనే. నీ చెయ్యి ఎందుకు వణుకుతుందో తెలిసిన మనిషినే మార్కులు అడిగాను. వణుకు ఎక్కువైతే చెప్పమని డాక్టరు ప్రతిసారీ అంటాడు, చెబితే మాత్ర వేళ మారుస్తాడు, ఇంకో చిన్న మాత్ర ఇస్తాడు. మనమిద్దరం ఐదేళ్ళు బెంచీ మీద కూర్చుని, లోపలికి పోయి, బాగున్నాం అని వచ్చేశాం.

ఈ జాబు నీకు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. నీకు అన్ని రోజులు లేవు. అందుకని దీన్ని పోస్టులో వేయకముందే బసవరాజుకు ఫోను చేస్తున్నాను. నాగలతనే కలిపి ఇమ్మనాలి, అంటే దానికీ చెప్పాలి. నాగలత నాకు చేసేదే నేను నీకు చేస్తున్నాను. నువ్వు అనకముందే నాకు తెలుసు.

వెంకటేశ్వరమ్మ

*

కడప,
జూలై 9

శివలీలా,

పది రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారని బసవరాజు ఫోనులో చెప్పాడు. నువ్వు నిద్రపోతున్నావట. నా మీద కోపంగా ఉందా అని అడిగాను. "ఏమో మేడం, నాకేం చెప్తాది" అన్నాడు. మర్యాదగల మనిషి.

నేను చేసింది తప్పు అనను. తప్పు కాదు గనక క్షమించమని అడగడానికి వీల్లేకుండా ఉంది, అదే కష్టంగా ఉంది.

ఇక్కడ వాన లేదు. అక్కడ?

వెంకటేశ్వరమ్మ

*

కడప,
సెప్టెంబరు 14

శివలీలా,

జవాబు రాలేదు. పోస్టు వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడుతున్నాను. మొన్న నాగలత కుర్చీ తెచ్చి వేసింది.

ఫోను చేసిన రోజు సంగతి రాయలేదు కదా. నంబరు కలిపి ఇచ్చి, నేను మాట్లాడినంతసేపూ నాగలత పక్కనే ఉంది. ఆ రోజు వేగం కొలవలేదు. ఫోను పెట్టేశాక అడిగింది, "అత్తా, ఆ పొద్దు పాపను యాడ నిలబెట్టినావో నీకు గుర్తుండాదా?" అని. పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. డాక్టర్లు కూడా. గోపురానికి ఎడమపక్క, రెండో పూలకొట్టు, ఆకుపచ్చ పావడా, చేతిలో సగం తిన్న చెరకుముక్క అని చెప్పాను. ఆ పొద్దు తెలియనిదంతా తరవాత ఒక్కొక్కటే తెలిసింది, ఇంకా తెలుస్తూనే ఉంది అన్నాను. నాగలత లోపలికి పోయింది. కాసేపటికి కాఫీ తెచ్చింది. చక్కెర మరిచిపోయింది. నేను ఆహా అన్నాను.

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. చదవకపోయినా పరవాలేదు.

వెంకటేశ్వరమ్మ

*

మల్లనహట్టి,
నవంబరు 22

టీచరమ్మ గారికి,

మీ జాబులు మూడూ చదవకుండా బియ్యం డబ్బాలో పెట్టాను. మొన్న చదివాను.

శానా కోపం వచ్చింది. మా ఆయన ఫోను పెట్టేసి నా పక్కకు తిరిగి చూసిన చూపు మీరు చూడలేదు. ఆరేళ్ళకు నవ్విన మనిషి, ఆ నవ్వు అట్లే ఆరిపోయింది. కర్నూలు పోతూ జీపులో మిమ్మల్ని తిట్టిన తిట్లు రాస్తే అందులో తప్పులు ఉండవు.

మళ్ళీ మాత్ర, మళ్ళీ వణుకు. ఈసారి డాక్టరుకు విత్తనం సంగతి చెప్పాను. మాత్రను రెండు పూటలకు విడగొట్టి ఇంకొకటి చిన్నది ఇచ్చాడు. కొంచెం నయం. తాడు దగ్గర 66. అంతకుమించి రాదు, రానక్కర లేదు కూడా.

ఈ ఏడు వాన జూలై ఆఖర్లో పడింది. మొదటి సాళ్ళే కాదు, ట్రాక్టరు దొరక్క చేనంతా ఎద్దుల గొర్రుతో మద్దమ్మే వేసింది. నేను బువ్వ ఎత్తుకుపోయి గట్టు మీద కూర్చున్నాను. చూడకూడదనుకుని తల వంచుకున్నా, గొర్రు చప్పుడు వింటే నా వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. అప్పుడు మా అత్త వచ్చింది. "ఏమే, కూచుంటే ఎట్ల? కందులు ఎవురేస్తారు?" అంది. మా పక్క ఎనిమిది సాళ్ళ శనక్కాయకు ఒక సాలు కంది వేస్తారు. గొర్రుకు వెనక ఒక్క గొట్టం తాడుతో కట్టి ఉంటుంది, అది పట్టుకుని నడుస్తూ కందులు వదలాలి. ఎవరూ పట్టించుకునే పని కాదు. నేను లేవలేదు. "నా చెయ్యి వణుకుతాది అత్తా" అన్నాను.

"వణకనీ. కందికి ఎడం కావల్ల. దగ్గర దగ్గర పడితే ఎవురు పీకుతారు మళ్ళా?" అని నా ఒడిలో కందులు పోసింది. తాళంచెవి నడుముకే ఉంది, విప్పలేదు. కందులు మాత్రం పోసింది.

పొద్దు వాలేదాకా నడిచాను. మద్దమ్మ ముందు, నేను వెనక. ఎవరూ నా చేతిని చూడలేదు టీచరమ్మా. ఎద్దులనూ మబ్బునూ చూసుకుంటున్నారు.

ఇప్పుడు శనక్కాయ పీకేశారు. చేనంతా ఖాళీ. కంది సాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి, ఒకదానికొకటి పిలిస్తే పలకనంత దూరంలో. మొన్న పొద్దున పోయి చూస్తే మీరు గుర్తుకొచ్చారు, అందుకే ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. కొన్నిచోట్ల ఎడం మరీ ఎక్కువ, అవి నా చెయ్యి ఎగిరిన చోట్లు. ఆ పక్కల చెట్లే గుబురుగా ఉన్నాయి అంటాడు మా ఆయన. నా మనసు కోసం అంటున్నాడో, నిజమో, మీరు వచ్చి చూసి చెప్పాలి. జనవరి ఆఖరుకు కోస్తారు. మిమ్మల్ని పంపరని తెలుసు. అయినా పిలుస్తున్నాను.

ఆ గడికి నేనిప్పుడు రెండు వేస్తాను.

శివలీల

*

కడప,
జనవరి 7

శివలీలా,

పదకొండు తప్పులు. అక్షరాలు మళ్ళీ వణుకుతున్నాయి. ఆ జాబును దిండు కింద పెట్టుకున్నాను.

పత్తికొండ పోయి కంది చేను చూస్తానని కిందటి నెల ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. శ్రీనివాసులు, "కంది చేలు కడపలో లేవా అమ్మా?" అన్నాడు. ఉన్నాయి గానీ అవి సరిగ్గా వేసినవి, నాకు వంకరగా వేసింది చూడాలని ఉంది అన్నాను. వాడు నా వైపు చూసి, నాగలత వైపు చూసి, డాక్టరుకు ఫోను చేశాడు. డాక్టరేమో, ఆమెకు డెబ్బై ఏళ్ళు కదా, నన్నెందుకు అడుగుతున్నారు అన్నాడట. అందరం కార్లో పోదాం, ఫిబ్రవరిలో అన్నాడు వాడు. ఫిబ్రవరికి నీ కంది ఉండదు. మా వాళ్ళకు వచ్చే నెలలు చాలా ఉంటాయి.

రెండు వారాలు ఆ మాట అక్కడే ఉండిపోయింది. నేను మళ్ళీ అడగలేదు. పడుకుని నేనూ మా ఇంటి దూలాలు లెక్కపెడదామని చూస్తే, మాది స్లాబు. నీకంటే అన్యాయం.

నిన్న నాగలత ఉతికిన బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా, "శిల్పను తోడు తీసుకొనిపో అత్తా. ఆదివారం దానికి సెలవే" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంకెవరు వస్తారు అని అడిగాను. "ఎవురూ లేదు. మీరిద్దరే" అంది. తరవాత నా మాత్రలు పూటపూటకూ పొట్లాలు కట్టింది, ఒక రోజువి ఎక్కువే పెట్టింది. శ్రీనివాసులు నాలుగు నంబర్లు కాగితం మీద రాసి శిల్ప సంచిలో ఒకటి, నా సంచిలో ఒకటి పెట్టాడు.

నాకు కాపలాగా శిల్పను పంపుతున్నామని వాళ్ళు అనుకోవచ్చు. శిల్పను నాకు అప్పగించారని నేను అనుకుంటున్నాను. ఏది నిజమో నాగలతను అడగలేదు. అడిగితే ఒకటే మిగులుతుంది.

కడప నుంచి గుత్తి దాకా రైలు, అక్కడి నుంచి పత్తికొండ బస్సు. సంక్రాంతి పోయాక వచ్చే ఆదివారం, పదకొండు గంటలకు నువ్వూ బసవరాజూ బస్టాండులో ఉండండి. మీ అత్తగారికి నా నమస్కారాలు, తాళంచెవి గురించి ఏమీ అడగనని చెప్పు. శిల్పకు పదిహేనేళ్ళు, నాకంటే జానెడు ఎత్తు. బస్టాండులో అవ్వ చెయ్యి పట్టుకుని నడవాలంటే సిగ్గుపడుతుంది. పడనీ.

నేను బస్సు దిగేటప్పుడు నా మొగం చూడకు, అందరూ చూసేది అక్కడే. నా చెయ్యి చూడు. వణుకుతూనే ఉంటుంది. అందులో శిల్ప చెయ్యి ఉందో లేదో చూసి, నాకు చెప్పు.

వెంకటేశ్వరమ్మ